రోడ్ రాష్: పక్కకి చేరితేనే దెబ్బ

రోడ్ రాష్ అనే పాత కంప్యూటర్ బైక్ రేసు ఆట ఇప్పుడు మళ్లీ ఆడితే బాగుంటుందా అని అడిగేవాళ్లకి నా జవాబు: చాలా బాగుంటుంది, కానీ పూర్తి ఆట సంపాదించి ఆడండి. 2000 తర్వాత ఖమ్మంలో నేను తిరిగిన నెట్ సెంటర్లలో, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో ఉన్న కాపీల్లో పాటలు లేవు, వీడియోలు లేవు. జాగా కలిసొస్తుందని ఎవరో పీకేసిన కాపీలవి. రేసు మొదలయ్యేది, తన్నుకునేవాళ్లం, అయిపోయేది. ఆ మాత్రానికే సెంటర్ అంతా కేకలతో మోగిపోయేది. మా బావమరిది అమెరికాలో ఫ్రీమాంట్‌లో ఉంటాడు. అక్కడ పాత ఆటలు అమ్మే షాపులో విండోస్ 95 వెర్షన్ అసలు సీడీ దొరికితే కొని, పోయినసారి వచ్చినప్పుడు తెచ్చిపెట్టాడు. కొత్త ల్యాప్‌టాప్‌తో కుస్తీ పడకుండా, షెడ్డులో బిల్లులు కొట్టడానికి వాడిన పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లో వేశాను. ఈ రివ్యూ ఆ సీడీ గురించి.

నాది వైరా రోడ్డు వైపు టూవీలర్ సర్వీసింగ్ షెడ్డు. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా బళ్ల మధ్యే ఉంటాను. అందుకే బళ్ల ఆట అంటే నేను చూసే పద్ధతి కొంచెం వేరు. బొమ్మలు ఎంత బాగున్నాయన్నది తర్వాత. బండి బరువు తెలుస్తోందా, స్పీడు తెలుస్తోందా, పడితే ఏమవుతుంది, ఇవే నేను చూసేది.

తెలియనివాళ్ల కోసం ఆట సంగతి. మోటార్ సైకిల్ రేసు, రూల్స్ ఏమీ లేవు. మామూలు ట్రాఫిక్ నడుస్తున్న రోడ్డు మీదే పోటీ. పక్కన వచ్చినవాణ్ణి గుద్దొచ్చు, కాలితో తన్నొచ్చు, చేతిలో కర్రో చైనో ఉంటే దాంతో కొట్టొచ్చు. వాళ్లూ అదే చేస్తారు. మధ్యలో పోలీసులు బైకుల మీద వెంటపడతారు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అంటే ఈఏ కంపెనీ దీన్ని మొదట 1991లో టీవీకి తగిలించి ఆడే సెగా జెనెసిస్ మిషన్ కోసం చేసింది. 1992లో రెండోది వచ్చింది. 1994లో 3డీఓ అనే మిషన్ కోసం ఆటని మొత్తం కొత్తగా కట్టారు. దాన్నే ప్లేస్టేషన్‌కి, సెగా శాటర్న్‌కి మార్చారు, 1996లో విండోస్‌కి తెచ్చారు. మనందరం రోడ్ రాష్ అనేది ఈ చివరిదాన్నే. దీనికి ముందు జెనెసిస్ ఆట ఒకటుందని మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు.

ఇక అసలు విషయం. రోడ్ రాష్ అనగానే అందరూ తన్నుడు గురించే మాట్లాడతారు. నా లెక్కలో తన్నుడు చివరి క్షణం మాత్రమే. అసలు ఆట దానికి ముందే జరిగిపోతుంది. ఎవణ్ణయినా కొట్టాలంటే వాడి పక్కకి చేరాలి. వాడు ఎంత స్పీడులో పోతున్నాడో మీరూ అంతే స్పీడుకి రావాలి. గంటకి పది మైళ్లు ఎక్కువున్నా రెప్పపాటులో దాటిపోతారు, చెయ్యి గాలిలో ఊగుతుంది. తక్కువుంటే వాడి వెనక చక్రం చూస్తూ పోవాల్సిందే. అందుకని యాక్సిలరేటర్ మీద వేలు తీస్తూ, వేస్తూ, మెల్లగా వాడి భుజం పక్కన నిలబడాలి. రెండు బళ్లూ ఒకదానికొకటి అంటుకున్నట్టు పోతున్న ఆ రెండు మూడు సెకన్లలో దెబ్బ వెయ్యాలి. ఆ సమయంలో మీ కళ్లు వాడి మీద ఉంటాయి, రోడ్డు మీద ఉండవు. ఎదురుగా కారు వచ్చేది అప్పుడే. ఎవణ్ణి కొట్టాలా అన్న టెన్షన్ కన్నా, ఎంతసేపు రోడ్డు చూడకుండా ఉండగలం అన్న టెన్షనే ఎక్కువ.

ఇది తెలిశాక ఆట రంగే మారిపోతుంది. గుద్దుకీ తన్నుకీ తేడా కూడా అప్పుడే తెలుస్తుంది. గుద్దు వాడి ఓపిక తగ్గిస్తుంది. తన్ను వాణ్ణి పక్కకి నెడుతుంది. వాడి అవతల ఏముందో చూసుకుని తన్నాలి. ఖాళీ రోడ్డుంటే వాడు కాస్త జరిగి మళ్లీ వస్తాడు. ఎదురు లేన్‌లో వ్యాన్ వస్తున్నప్పుడు తన్నితే ఒక్క దెబ్బ చాలు. ఆట జరిగేది అమెరికాలో, అక్కడ బళ్లు రోడ్డుకి కుడివైపు పోతాయి కాబట్టి ఎదురొచ్చేవి మనకి ఎడమవైపు ఉంటాయి. మనం చిన్నప్పటి నుంచీ ఓవర్‌టేక్ అంటే కుడి నుంచే చేసినవాళ్లం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. శత్రువు ఎప్పుడూ మీకు ఎడమన ఉండేలా చూసుకుంటే, తన్నిన ప్రతిసారీ వాడు వెళ్లేది ఎదురు ట్రాఫిక్‌లోకే. నెట్ సెంటర్ రోజుల్లో మా సీనియర్లు ఈ సంగతి మాటల్లో చెప్పలేదు కానీ చేతుల్లో వాళ్లకి తెలుసు.

ఆయుధం లాక్కోవడం ఇంకా మేలైన విద్య. వాడు కర్ర పైకెత్తుతాడు, ఆ ఎత్తినప్పుడే సరిగ్గా మీరు చెయ్యి విసిరితే కర్ర మీ చేతికొచ్చేస్తుంది. ఒక్క క్షణం ముందైతే ఉత్త గుద్దు. ఒక్క క్షణం ఆలస్యమైతే దెబ్బ మీకు. మొత్తం ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. చైన్ చేతికొస్తే కాస్త దూరంగా ఉండి కూడా కొట్టొచ్చు అనిపిస్తుంది కానీ ఆ దూరం కూడా చెయ్యి చాచినంతే. పక్కకి చేరడం తప్పదు.

పడటం గురించి విడిగా రాయాలి, ఎందుకంటే ఇంత బాగా పడే ఆట నేను ఇంకోటి చూడలేదు. కారుకి గుద్దుకున్నారనుకోండి. మనిషి గాల్లోకి లేస్తాడు, బండి ఒకవైపు జారుకుంటూ పోతుంది, మనిషి ఇంకోవైపు దొర్లుతాడు. తర్వాత లేచి బండి వైపు పరిగెత్తుతాడు. ఆట ఆగదు, నల్ల తెర పడదు, మళ్లీ రోడ్డు మధ్యలో బండెక్కించి పెట్టరు. పరుగెత్తుతున్న మనిషినీ మనమే తిప్పుకోవాలి. ఆ పరుగులోనే వెనక నుంచి వచ్చే కారు గుద్దితే మళ్లీ ఎగిరి పడతాడు. ఇందాక మీరు దాటొచ్చిన వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు పక్కనుంచి వెళ్లిపోతుంటారు. పల్లంలో పడితే బండి చాలా దూరం జారుతుంది. స్పీడు ఎక్కువుంటే ఇంకా దూరం. అంటే ఎంత తప్పుకి అంత పరుగు. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి, ఫోన్లో ఆటలు తప్ప వేరే తెలియనివాడు. మొదటిసారి పడినప్పుడు కీబోర్డ్ మీద చేతులు తీసేసి కూర్చున్నాడు.

"మామయ్యా, మళ్లీ స్టార్ట్ ఎక్కడ నొక్కాలి?"

"ఏం నొక్కద్దురా, పరిగెత్తు. నీ బండి అక్కడుంది."

వాడి మొహం వెలిగిపోవడం చూశాను. ఆ సాయంత్రం వాడు గెలవడం కన్నా పడి లేవడం మీదే ఎక్కువ మనసు పెట్టాడు.

పోలీసుల పద్ధతి కూడా ఈ పడటంతోనే ముడిపడి ఉంది. పోలీసు దగ్గర్లో ఉండగా మీరు కింద పడితే అంతే, పట్టేసుకుంటాడు. రేసు అక్కడితో అయిపోతుంది, జరిమానా కట్టాలి. పోలీసుని కూడా పక్కవాళ్లలాగే కొట్టి పడెయ్యొచ్చు, కానీ దానికోసం వాడి పక్కన నిలబడాలి కదా, అప్పుడు ప్రమాదం మీకే. నేనైతే పోలీసు కనపడగానే తన్నుకోవడం మానేసి రోడ్డు మీదే దృష్టి పెడతాను. వాడి చేతికి చిక్కకుండా రేసు ముగిసే గీత దాటడం చాలు.

ఇక నా వృత్తికి దగ్గరైన మాట. ఈ ఆటలో తెర మీద మనిషి ఓపిక ఒక గీత, బండి ఓపిక ఇంకో గీత. బండి పూర్తిగా దెబ్బతింటే రేసు పోతుంది, రిపేర్ బిల్లు వస్తుంది. ఆ బిల్లు కట్టేంత డబ్బు చేతిలో లేకపోతే మొత్తం ఆటే పోతుంది. ఇప్పటి ఆటల్లో బండి వందసార్లు గోడకి కొట్టినా మెరుస్తూనే ఉంటుంది. రోజూ వంగిపోయిన ఫోర్కులు, తిరిగిపోయిన హ్యాండిళ్లు, నుజ్జయిన ట్యాంకులు నా షెడ్డుకి వస్తాయి. బిల్లు రాసిచ్చినప్పుడు ఆ కుర్రాడు జేబు తడుముకోవడం, వాళ్ల నాన్నకి ఫోన్ చెయ్యడానికి తటపటాయించడం నాకు తెలుసు. అందుకే ఆటలో బిల్లు తెర మీదికి వచ్చినప్పుడు నాకు తృప్తిగా ఉంటుంది. బండికి దెబ్బ తగిలితే ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. అది మర్చిపోని ఆట ఇది.

బళ్లు రాట్ బైకులు, స్పోర్ట్ బైకులు, సూపర్ బైకులు అని మూడు రకాలు. పేర్లన్నీ కల్పితం, నిజం కంపెనీలు లేవు. గేర్లు మార్చే పని లేదు, అది నాకు లోటే. కానీ రకాల మధ్య తేడా మాత్రం చేతికి బాగా తెలుస్తుంది. రాట్ బైక్ మెల్లగా లేస్తుంది, మలుపులో మాట వింటుంది. సూపర్ బైక్ ఒక్కసారి పికప్ అందుకుందంటే ఆపడం మీ వల్ల కాదు. ఇక్కడే ఆట తెలివి కనపడుతుంది. స్పీడు బండి కొంటే రేసు గెలవడం తేలికవుతుంది కానీ పక్కవాళ్లతో సమానంగా నిలబడి కొట్టడం కష్టమవుతుంది. డబ్బు చేతికి రాగానే పెద్ద బండి కొనద్దని నా సలహా. మధ్యరకం బండి మీద కొన్ని రేసులు తిప్పండి, తన్నుడు సుఖం అందులోనే ఎక్కువ.

బండి షాపు, క్లబ్బు, రేసులు గెలిచి డబ్బు పోగేస్తూ లెవెళ్లు దాటే బిగ్ గేమ్ అన్నీ పీకేసిన కాపీలో ఉన్నా మేం పట్టించుకోలేదు. గంటకి డబ్బు కట్టి కూర్చున్నవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది? నేరుగా థ్రాష్ మోడ్‌లోకి పోయి ఒక్క రేసు ఆడి లేచేవాళ్లం. ఇప్పుడు తీరిగ్గా బిగ్ గేమ్ ఆడితే తెలిసింది, దీనికి ఒక ఊరు, ఒక గుంపు ఉన్నాయి. డర్ పాంజర్ క్లబ్ అనే చోట రేసుకి ముందు మిగతా రైడర్లతో నాలుగు మాటలు కలపొచ్చు. ఆలీస్ స్కూట్-ఎ-రామాలో బండి కొనుక్కోవచ్చు. ఐదు రోడ్లు, ఐదు లెవెళ్లు. లెవెల్ పెరిగేకొద్దీ రోడ్డు పొడవు పెరుగుతుంది, పోటీ ముదురుతుంది. ఆక్సెల్, పెర్ల్, రోండా, స్లిమ్ జిమ్, లక్కీ లూక్ లాంటి మనుషుల్లో ఎవరో ఒకరిగా మీరు మొదలుపెడతారు. నేను పెర్ల్‌గా ఆడాను.

రోడ్ల గురించి చెప్పకపోతే అన్యాయం. ద సిటీ, ద పెనిన్సులా, పసిఫిక్ హైవే, సియెర్రా నెవాడా, నాపా వ్యాలీ. నెట్ సెంటర్లో ఇవి మాకు ఉత్త పేర్లు. బావమరిది పక్కన కూర్చుని ఆడుతుంటే తెలిసింది, ఇవన్నీ కాలిఫోర్నియాలో వాళ్ల ఇంటికి కారులో వెళ్లొచ్చేంత దూరంలో ఉన్న చోట్లు. ద పెనిన్సులా అంటే శాన్‌ ఫ్రాన్సిస్కోకి దక్షిణంగా, ఒకవైపు బే అనే సముద్రపు పాయ, ఒకవైపు మహాసముద్రం ఉన్న నేల. శాన్ మటేయో అక్కడే ఉంది. ఆ రోజుల్లో ఈఏ ఆఫీసు ఉన్నది ఆ ఊళ్లోనే. అంటే ఆట చేసినవాళ్లు రోజూ పనికొచ్చే దారినే మనకి ఇచ్చారన్నమాట. ఆట మీద నా గౌరవం అక్కడ ఇంకొంచెం పెరిగింది. చూసిన రోడ్డుకీ ఊహించిన రోడ్డుకీ తేడా ఉంటుంది. పసిఫిక్ హైవే మీద ఎత్తు ఎక్కి దిగేటప్పుడు అవతల ఏముందో కనపడకపోవడం, ఆ గుట్ట దాటగానే మలుపు ఉండటం, బండి నడిపినవాడికి కడుపులో తెలుస్తుంది. బావమరిది "బావా, ఒకటో నంబర్ హైవే అచ్చం ఇలాగే ఉంటుంది, ఈ మలుపుల దగ్గర మీ చెల్లెలు కళ్లు మూసుకుంటుంది" అన్నాడు.

ఐదింటిలో కష్టమైనది ద సిటీ. అక్కడ ఎదురు ట్రాఫిక్కే కాదు, అడ్డరోడ్ల నుంచి కూడా కార్లు వస్తాయి. కూడలి దగ్గర ఎవడితోనో తన్నుకుంటూ పోయారా, పక్కనుంచి వచ్చిన కారు ఇద్దర్నీ లేపేస్తుంది. రోడ్డు దాటే మనుషులు వేరే. నాపా వ్యాలీ పచ్చగా, హాయిగా ఉంటుంది. కొత్తవాళ్లకి మంచిది.

పాటల సంగతికి వస్తున్నా. అసలు సీడీలో నాకు కొత్తగా దొరికిన పెద్ద సంపద ఇదే. ఏ అండ్ ఎం రికార్డ్స్ అనే పాటల కంపెనీ బ్యాండ్ల పాటలు ఇందులో ఉన్నాయి. సౌండ్‌గార్డెన్, మాన్‌స్టర్ మాగ్నెట్, స్వర్వ్‌డ్రైవర్, పా, హామర్‌బాక్స్, థెరపీ. 90ల మొదట్లో గిటార్లు ఎలా గరగరలాడాయో వినాలంటే ఈ మెనూలు తెరిచి కూర్చుంటే చాలు. ఒక్కటే బాధ, ఈ పాటలు మెనూల్లో, వీడియోల్లోనే వస్తాయి. రేసులో మాత్రం వేరే బాణీలు మోగుతాయి. అంత మంచి పాట ఊపందుకునే వేళకి మనం రేసులోకి వెళ్లిపోతాం, పాట ఆగిపోతుంది. ఈ ఆటకి ఉన్న పెద్ద లోపం ఇదేనని నా అభిప్రాయం. రేసు ముగిశాక వచ్చే చిన్న చిన్న వీడియోలు నిజం మనుషులతో, నిజం బళ్లతో తీశారు. గెలిస్తే ఒకటి, పోలీసులకి చిక్కితే ఒకటి, బండి ముక్కలైతే ఒకటి. బొమ్మ మసకగానే ఉంటుంది. నటుల అల్లరి మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. పోలీసులకి చిక్కిన వీడియో చూడటానికి మా మేనల్లుడు కావాలనే పడిపోయేవాడు.

బొమ్మల నాణ్యత గురించి ఎక్కువ చెప్పను. దూరంగా ఉన్న కారు నాలుగు రంగు చుక్కల్లా కనపడుతుంది. దగ్గరికొచ్చేదాకా అది ఎటు వస్తోందో కొత్త కళ్లకి పోల్చుకోవడం కష్టం. రోడ్డు పక్క ఇళ్లు అట్టముక్కల్లా ఉంటాయి. దానికి కాస్త అలవాటు పడాలి, ఒక సాయంత్రం చాలు.

దీని తర్వాత వచ్చినవాటిని కూడా చూశాను. ఈఏ 2000లో ప్లేస్టేషన్‌కి రోడ్ రాష్ జైల్‌బ్రేక్ ఇచ్చి ఆ పేరుని పక్కన పెట్టేసింది. 2006లో చేత్తో పట్టుకుని ఆడే మిషన్ పీఎస్‌పీ కోసం వచ్చిన ఈఏ రీప్లే అనే సంకలనంలో జెనెసిస్ నాటి మూడు ఆటలు ఉన్నాయి, మనం ఆడిన ఆట లేదు. ఇంతమంది కుర్రతనం ముడిపడిన ఆటని ఈ కాలం కంప్యూటర్లకి తగ్గట్టు సరిచేసి అమ్మకపోవడం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. రోడ్ రిడెంప్షన్ అని అభిమానులైన వాళ్లే డబ్బు పోగుచేసుకుని చేసిన ఆట 2017లో పూర్తిగా విడుదలైంది. ఒకే తెర మీద నలుగురు కూర్చుని ఆడొచ్చు, దానికి వాళ్లకి దండం పెట్టాలి. పండక్కి ఇంట్లో పిల్లలు చేరినప్పుడు నేను పెట్టేది అదే. కానీ అందులో తుపాకులు ఉన్నాయి. తుపాకీ రాగానే పక్కకి చేరాల్సిన పని పోయింది, స్పీడు కలపాల్సిన పని పోయింది. దూరం నుంచి కాల్చేసి పోవచ్చు. ఇళ్ల కప్పుల మీద రేసులు, కొత్త కొత్త శక్తులు, హంగామా అంతా ఉంది. భుజం పక్కన భుజం పెట్టి, ఎదురు లారీ వైపు ఒక కన్ను వేసి, కర్ర లేచే క్షణం కోసం కాచుకోవడం మాత్రం దాంట్లో పలచబడింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి రెండు మాటలు. ముందు థ్రాష్ మోడ్‌లో నాపా వ్యాలీ పెట్టుకుని, గెలుపు సంగతి వదిలేసి, ఒకణ్ణి ఎంచుకుని రేసంతా వాడి పక్కనే ఉండటం సాధన చెయ్యండి. చెయ్యి ఎత్తద్దు, స్పీడు కలపడం మాత్రమే చూసుకోండి. అది చేతికొచ్చాక బిగ్ గేమ్‌లోకి వెళ్లండి. ఇంకోటి, స్పీకర్లు మంచివి పెట్టుకుని, రేసు బటన్ నొక్కే ముందు మెనూలో పాట పూర్తిగా అయిపోనివ్వండి.